బోగోలు తీరంలో ఏడుగురి కారు

నెల్లూరు తీరానికి వెళ్ళి వచ్చానంటే అందరూ సముద్రం ఎలా ఉందని అడుగుతున్నారు. నిజం చెప్పాలంటే సముద్రాన్ని నేను సరిగా చూడలేదు. రెండు రోజులూ నా కళ్ళు ఎదురుగా వచ్చే ప్రతి నల్ల కారు మీదే ఉన్నాయి. మేము వెతుకుతున్నది నల్ల కారు. దాని బ్రేకులు ఎప్పుడైనా తప్పవచ్చని నాకు తెలుసు. దాన్ని నడుపుతున్నవాళ్ళకు తెలియదు.

చెన్నైలో ఒక విదేశీ ఖరీదైన కార్ల కంపెనీ షోరూములో నేను ఉత్తరాలు రాస్తాను. పైనుంచి ఇంగ్లీషులో వచ్చే మాటల్ని తెలుగు కొనుగోలుదారుల కోసం తెలుగులో పెట్టడం నా పని. మనుషుల ఎదుట నోరు పెగలని నాలాంటి దానికి అంతకంటే మంచి ఉద్యోగం దొరకదనుకున్నాను. ఈ మధ్య ఆ కంపెనీ తన సొంత దేశంలో ఒక ప్రకటన చేసింది. ఫలానా మోడల్ కారులో వెనక చక్రాలకు వెళ్ళే బ్రేకు గొట్టం ఉప్పుగాలికి చీలిపోవచ్చు, కొత్తది వేసేదాకా కారు బయటికి తీయకండి అని. అక్కడి వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా చదువుకోవచ్చు. మా దగ్గరికి వచ్చేసరికి అదే పనికి 'ఉచిత సౌకర్య తనిఖీ' అని పేరు పెట్టారు. "బ్రేకు అన్న మాట ఎక్కడా రాకూడదు. జనం హడలిపోతారు, మన పేరు పోతుంది," అని మా మేనేజరు గారు మీటింగులో అందరి ముందే చెప్పారు.  ఆ మాట లేకుండానే నేను ఉత్తరాలు రాశాను.

చాలామంది కార్లు తెచ్చి, ఏం మార్చారో కూడా తెలియకుండానే గొట్టం మార్పించుకుని వెళ్ళారు. ఒక్క కారు మాత్రం ఫోనుకు అందలేదు. చేతులు మారి మారి నెల్లూరు వైపు వెళ్ళిందని తెలిసింది. ఉప్పుగాలికి ఏ కారు వెళ్ళకూడదో ఆ కారే వెళ్ళింది. మెకానిక్ గుణశేఖర్‌ను, ఒక కొత్త గొట్టాన్ని, తెలుగు వచ్చిన నన్ను వ్యానులో ఎక్కించి పంపారు.

సూళ్లూరుపేట

గుణశేఖర్ చెన్నైవాడు, తక్కువ మాట్లాడతాడు. నేను అంతకంటే తక్కువ. తడ దాటేదాకా వ్యానులో రేడియో ఒక్కటే మాట్లాడింది.

సూళ్లూరుపేటలో టిఫిను కోసం ఆగాం. మా తెనాలిలో ఇడ్లీ అంటే కారప్పొడి, నెయ్యి. ఇక్కడ ఇడ్లీని సాంబారులో ముంచి, గిన్నెతో సహా ముందు పెట్టారు. పక్క బల్ల మీద ఒకాయన అరవంలో మొదలుపెట్టిన మాటను తెలుగులో ముగిస్తున్నాడు. ఎదుటాయన తెలుగులో విని అరవంలో నవ్వుతున్నాడు. ప్లేటు ముప్పై రూపాయలు. సాంబారు మళ్ళీ అడిగితే మొహం చిట్లించకుండా పోశారు. చెన్నైలో మా షోరూము పక్క హోటలులో ఆ మర్యాద లేదు.

గుణశేఖర్ నా సంచిలోంచి బయటికి కనిపిస్తున్న లావు పుస్తకం వైపు చూశాడు. అది కంపెనీ చరిత్ర. ఉద్యోగంలో చేరినప్పుడు అందరికీ ఇస్తారు, ఎవరూ తెరవరు. నేను తెరిచాను.

"అంత లావు పుస్తకంలో ఏముంది మేడం?"

చెప్పాను. ఈ కంపెనీని పెట్టినాయన గుర్రపు బళ్ళు చేసే వడ్రంగి. ప్రతి చక్రాన్నీ కొయ్య సుత్తితో తట్టి చెవి పెట్టి వినేవాడట. చప్పుడు తేడాగా ఉంటే తన చేత్తోనే విరగ్గొట్టేవాడట. ఈ కథను మాకు ప్రతి మీటింగులోనూ చదివి వినిపిస్తారు. యుద్ధకాలం గురించి మాత్రం పుస్తకంలో రెండే పేజీలున్నాయి, అందులో ఒకటి బొమ్మ. ఆ రోజుల్లో సైన్యానికి లారీలు చేశారని ఉంది కానీ, ఏ బందీల చేత చేయించారో లేదు. ఆ తర్వాత నూరు పేజీలు తోలు సీట్ల గురించి. మా షోరూములో తెల్ల చేతి తొడుగులు లేకుండా తాళం అందించకూడదు. 'కారు అమ్మాం' అనకూడదు, 'మా కుటుంబంలోకి వచ్చారు' అనాలి.

గుణశేఖర్ చెయ్యి కడుక్కుని వచ్చి అన్నాడు. "ఆ వడ్రంగి ఇప్పుడుంటే మన మేనేజరు ఆయన్ని కూడా మీటింగులో కూర్చోబెట్టి, సార్, ఆ సుత్తి కొంచెం మెల్లగా అనేవాడు."

నవ్వాను. వ్యాను ఎక్కాక నవ్వు పోయింది. రోడ్డు మీద నల్ల కారు ఒకటి మమ్మల్ని దాటిపోయింది. మాది కాదు.

మనుబోలు

కారు రెండో యజమాని రాఘవయ్య గారు రొయ్యల రైతు. హైవే నుంచి లోపలికి, గుంటల మధ్య గట్టు మీద ఇల్లు. నీళ్ళను చిలికే చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి. ఆ చప్పుడుకు నా గొంతు అసలే వినపడలేదు. మూడోసారికి ఆయన చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఆ కారా? అమ్మేసి శానా రోజులైందమ్మణ్ణీ. రొయ్యకి తెగులొచ్చినాక కారేంది, దాంట్లో పోసే ఆయిలు గూడా బరువైపోయింది."

"మంచి పనైంది," అన్నారు ఆయన భార్య మజ్జిగ గ్లాసులు తెస్తూ. "ఆ కారొచ్చినాక ఈయన నడవడం మర్చిపోయినాడు. ఈ గుంట కాడి నుంచి ఆ గుంట కాడికి గూడా కారే. రొయ్యలు గూడా నవ్వుకోనుంటాయి."

"నువ్వు ఎక్కలా? మీ అక్క ఊరికి పోయి ఆ కారులోంచి దిగకుండానే మాట్లాడొచ్చినావు గదా!"

ఇద్దరూ నవ్వారు. కారును కొడవలూరులో రైసుమిల్లు వాళ్ళకు అమ్మామని చెప్పారు. మేము లేవబోతుంటే రాఘవయ్య గారు నన్ను నిదానంగా చూశారు.

"సౌకర్యం సూసేదానికి మద్రాసు నుంచి ఇంత దూరం, అదీ ఊరికే వొచ్చే కంపెనీని నేను యాడా సూళ్ళేదమ్మా. ఏందో ఉండాది."

నేను మజ్జిగ తాగేసి గ్లాసు గట్టు మీద పెట్టాను. 

కొడవలూరు

ఇక్కడ రోడ్డు సగం ధాన్యానిది, సగం బళ్ళది. ఆరబోసిన వడ్ల అంచున రాళ్ళు పేర్చారు. మా వైపూ ఈ అలవాటుంది గానీ, మా వైపు లారీవాళ్ళు హారను కొడతారు, ఇక్కడ వేగం తగ్గించి పక్కగా పోతున్నారు. మిల్లు గేటు దగ్గర నా చెప్పు తెగింది. ఒక కాలికి చెప్పుతో లోపలికి వెళ్ళలేక రెండూ చేత్తో పట్టుకుని వెళ్ళాను.

మిల్లు యజమానురాలు వరలక్ష్మమ్మ గారు నా చేతిలో చెప్పులు చూసి, "ఇది గుడి గాదమ్మా, మిల్లు," అన్నారు. కారు సంగతి అడిగితే పెద్దగా నవ్వారు.

"దాన్ని పాలెమోళ్ళకి ఇచ్చినాం. బోగోలు అవతల, సముద్రం ఒడ్డున. ఏడుగురు కలిసి కొన్నారు, పడవ కొన్నట్టు. పెళ్ళిళ్ళకి బాడుగకి తిప్పతా ఉండారు. రేపు గూడా పెళ్ళుండాది, వాళ్ళ పాలెం పిల్లదే. మాక్కూడా చెప్పిపోయినారు."

"బ్రేకులు బాగానే ఉండేవా?" అని అడిగాడు గుణశేఖర్. ఆ మాట వాడకూడదన్నది అతను మరిచిపోయినట్టున్నాడు. లేదా మరవలేదేమో.

"మా డ్రైవరు అంటానే ఉన్నాడు, ఒక్కో తూరి కాలు లోతుకు పోతా ఉండాదని. నేనే పట్టించుకోలా. అంత పెద్ద కంపెనీ కారు, దానికేమొస్తది అనుకున్నా."

ఆ కారు నడిపే మస్తానయ్య నంబరు ఇచ్చారు. గేటు దాటకముందే చేశాను. అందుబాటులో లేదు. కావలి చేరేదాకా చేస్తూనే ఉన్నాను. చీకటిపడితే పాలెం ఇసుక దారిలో వ్యాను దిగబడుతుందని మిల్లువాళ్ళు అనడంతో రాత్రికి కావలిలోనే ఆగాం. ఆ సాయంత్రం కావలి బజారులో రబ్బరు చెప్పులు నూట ఇరవైకి బేరమాడకుండా కొన్నాను. గుణశేఖర్ కారం దోసె తినమన్నాడు. ఎర్రగా, అందంగా ఉంది. రెండు ముక్కలు తిని మళ్ళీ ఫోను చేశాను. పెళ్ళి రేపు.

పాలెం

మర్నాడు బోగోలు దాటి ఇసుక దారిలో పాలెం చేరేసరికి ఎండ ఇంకా ముదరలేదు. ఒడ్డున రెండు పడవల మధ్య తాటాకు పందిరి, దాని కింద నల్ల కారు. ముందు భాగం సముద్రం వైపు తిప్పి పెట్టారు. ముక్కు మీద పసుపు, కుంకుమ, వేపమండ. బయలుదేరలేదు. వ్యాను పూర్తిగా ఆగకముందే తలుపు తీశాను.

కారుకు బంతిపూల దండలు కడుతున్న కుర్రాడే మస్తానయ్య. పక్కన పెద్దాయన పోలయ్య, పాలెం పెద్ద, ఏడుగురిలో ఒకడు. పూలు అందిస్తున్న చెంగమ్మ పెళ్ళికూతురు తల్లి. పెళ్ళి కావలిలో, మధ్యాహ్నం బయలుదేరాలి.

"ఏడుగురు ఒక కారుని ఎట్టా పంచుకుంటారన్నా?" అన్నాడు గుణశేఖర్.

"పడవని పంచుకున్నట్టే," అన్నాడు పోలయ్య. "వొచ్చిన బాడుగలో మనిషికొక పాలు. కారుకొక పాలు. కారు పాలు తీసి దాని టైర్లకీ, దాని ఆయిలుకీ. దాని కష్టం మనం తినగూడదు గదా."

"మా ఇంటాయన పోయినాడు గానీ ఆయన పాలు పోలా," అంది చెంగమ్మ. "ఇప్పుడు నేనూ ఏడుగురిలో ఒకర్తినే. అడుగు, కారు ఎప్పుడు కడగాల్నో నేనే చెప్తా."

"కడిగేది నేను, చెప్పేది ఈయమ్మ," అన్నాడు మస్తానయ్య.

మా నాన్న, బాబాయి కలిసి ఒక స్కూటరు కొన్నారు. ఏడాది తిరగకుండా మాటలు మానేశారు. ఆ సంగతి చెప్పబోయి మానుకుని, అప్పగించిన మాటే చెప్పాను. "మీ కారుకు ఉచిత సౌకర్య తనిఖీ..."

"సౌకర్యానికేం లోటు లేదక్కా. ఏసీ చల్లంగా ఉండాది, పాటలు గట్టిగా పాడతాది. పెళ్ళయినాక రాండి."

గుణశేఖర్ అప్పటికే చాప పరుచుకుని కారు కిందికి దూరిపోయాడు.

కారు కింద

బయటికి వచ్చినప్పుడు అతని చొక్కా నిండా చేపల వాసన.

"కింద అంతా ఏదో నూనె పూసి ఉంది మేడం."

"కవళ్ళ చేపల నూనె!" అన్నాడు మస్తానయ్య గర్వంగా. "పడవ కొయ్యకి పూస్తాం గదా, ఉప్పు పట్టకుండా. దీనికెందుకు పూయగూడదని పున్నం పున్నానికీ నేనే పూస్తా ఉండా. ఒక్క చోట వొదల్లా."

గుణశేఖర్ నన్ను పడవ చాటుకు పిలిచాడు. "గొట్టం చీలింది. వేలు పెడితే తడి. ఇది హైవే మీద ఎంత దూరం పోతుందో చెప్పలేను. నూనెకు రబ్బరు కొంచెం ఉబ్బింది కూడా."

మేనేజరు గారికి ఫోను చేశాను. చీలిక గురించి చెప్పినంతసేపూ ఆయన మాట్లాడలేదు. నూనె అనగానే గొంతులో హుషారు వచ్చింది.

"చేపనూనెనా? ఇంకేం! ఫోటోలు తీయండి. యజమాని నిర్లక్ష్యం అని రాయండి. గొట్టం మాత్రం వేయొద్దు, వేస్తే తప్పు మనదని ఒప్పుకున్నట్టు. వాళ్ళనే డబ్బు కట్టి బండి తెచ్చుకోమనండి. మీరు వచ్చేయండి."

"సార్, మధ్యాహ్నం పెళ్ళికూతురు ఇందులోనే..."

"అది మనకు సంబంధం లేని విషయం."

ఫోను పెట్టేశారు. గుణశేఖర్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "గొట్టం నా పెట్టెలో ఉంది. మీరు వేయమంటే వేస్తాను. ఊరుకోమంటే ఊరుకుంటాను. నాకు ఇద్దరు పిల్లలు మేడం," అన్నాడు.

చెంగమ్మ పళ్ళెంలో అన్నం, నెత్తళ్ళ పులుసు పెట్టుకుని మా వైపే వచ్చింది. పెళ్ళి హడావుడిలో కూడా, వచ్చినవాళ్ళు ఎవరో పూర్తిగా తెలియకుండానే పులుసులో మామిడికాయ ముక్కలు ఏరి నా వైపు వేసింది.

"ఏందమ్మణ్ణీ, మొగం అట్టా పెట్టినావు? కారుకేమన్నానా?"

పళ్ళెం పక్కన పెట్టాను. "అమ్మాయిని అందులో ఎక్కించకండి," అన్నాను.

"ఏం?"

"బ్రేకు చెడిపోయింది. చాలా ప్రమాదం."

నేను గుసగుసగా చెప్పిన మాటను చెంగమ్మ పాలెం మొత్తానికి వినపడేలా అరిచి చెప్పింది. దండలు కట్టేవాళ్ళు, వలలు బాగుచేసేవాళ్ళు, పెళ్ళి చీరల్లో ఉన్న ఆడవాళ్ళు అందరూ మమ్మల్ని చుట్టుకున్నారు. అంతమంది మధ్య నిలబడటం నా జీవితంలో అదే మొదటిసారి.

"అబద్ధం!" అన్నాడు మస్తానయ్య. "కారు కొన్న కొత్తలో సర్వీసుకని మద్రాసు దాకా తీసుకొస్తే మీ గేటు కాడ నిలబెట్టినారు. మీ వాచ్‌మేను ముక్కు మూసుకున్నాడు. ఆ రోజు లోపలికి రానియ్యనోళ్ళు ఈ రోజు ఇంటికొచ్చి బాగు చేస్తారంట. మాలాంటోళ్ళు ఎక్కతా ఉండారని కారు లాక్కోని పోయేదానికి వొచ్చినారు మామా!"

"నువ్వుండరా," అన్నాడు పోలయ్య. నా వైపు తిరిగాడు. "అమ్మణ్ణీ, సూటిగా చెప్పు. మేం పూసిన నూనె వల్లనా?"

అవునంటే సరిపోయేది. మేనేజరు గారు కోరుకున్నదీ అదే.

"నూనె ఆ గొట్టానికి మంచిది కాదు. ఇక పూయకండి. కానీ నూనె ఎరగని కార్లలో కూడా ఇదే గొట్టం చీలుతోంది. గొట్టమే సరిగా చేయలేదు. మాకు ముందే తెలుసు. చెప్పొద్దన్నారు."

"తెలిసీ చెప్పలా."

"చెప్పలేదు."

 ఎవరో ఆడమనిషి మా కంపెనీనీ నన్నూ కలిపి శపిస్తూ మట్టి తీసి పోసింది. మస్తానయ్య నా మీదికి ఒక అడుగు వేశాడు. పోలయ్య చెయ్యి అడ్డం పెట్టాడు.

"సరే. కొత్తది ఏయండి. కానీ మా పాలెంలో ఒక కట్టుబాటుండాది. పడవకి దెబ్బ తగిలి బాగు చేసినాక, ఆ పడవని మొదట చేసినోడు ముందెక్కాల. వాడెక్కని పడవ మావోళ్ళెవురూ ఎక్కరు. కారు గూడా పడవే అన్నాం గదా. మీ దాంట్లో ఎవురెక్కతారు?"

"నేను ఎక్కుతాను," అన్నాడు గుణశేఖర్.

"నువ్వు బాగు చేసేవోడివి. నేనడిగేది చేసి అమ్మినోళ్ళ తరఫున."

అందరూ నన్నే చూస్తున్నారు. తల ఊపాను. "నోటితో చెప్పాల," అంది చెంగమ్మ.

"ఎక్కుతాను," అన్నాను.

కట్ట మీద

గొట్టం మార్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఈలోగా జరిగినదంతా మేనేజరు గారికి మెసేజి పెట్టాను. అరిచిన మస్తానయ్యే గుణశేఖర్‌కు గొడుగు పట్టాడు, పానాలు అందించాడు. ఇంట్లోంచి పెళ్ళికూతురు రాజేశ్వరి రెండుసార్లు కబురు పంపింది, ముహూర్తం దాటిపోతుందా అని.

పాలెం పక్కన వాగుకు వేసిన మట్టికట్ట ఉంది. ఎక్కి దిగే చోట బాగా వాలు. అక్కడ పరీక్ష చేద్దామన్నారు. మస్తానయ్య నడుపుతున్నాడు, పక్క సీటులో నేను. బంతిపూల వాసన, తోలు సీటు వాసన, కవళ్ళ నూనె వాసన. కట్ట ఎక్కేదాకా బాగానే ఉంది. దిగేటప్పుడు మస్తానయ్య బ్రేకు తొక్కాడు. అతని కాలు అడుగుకంటా పోయింది.

కారు ఆగలేదు. అద్దం నిండా వాగు నీళ్ళు దగ్గరికి వస్తున్నాయి.  మస్తానయ్య హ్యాండ్ బ్రేకు పట్టి లాగాడు. వెనక భాగం పక్కకు జారి, ముందు చక్రం బురదలో దిగి ఆగింది.

గుణశేఖర్ పరుగెత్తుకొచ్చాడు. "లైనులో గాలి ఉండిపోయింది! నా తప్పు, తొందరపడ్డాను. ఇంకోసారి గాలి తీయాలి."

వెనక నుంచి ఎవరో అన్నారు, "ఆటోలు పిలవండ్రా, ఈళ్ళని నమ్మి పిల్లని ఎక్కించేదేంది!" అది న్యాయమే.  పోలయ్య నా తలుపు తీసి అడిగాడు. "దిగతావా?"

సీటు బెల్టు సర్దుకుని, లేదన్నాను.

గాలి తీశారు. కారును తోసి కట్ట ఎక్కించారు. రెండోసారి మస్తానయ్య బ్రేకు తొక్కినప్పుడు కారు ఠక్కున నిలబడింది, నా తల ముందుకు వెళ్ళి వచ్చింది. మళ్ళీ వేగం పెంచి తొక్కమన్నాడు గుణశేఖర్. నిలబడింది. ఇంకా వేగంగా. నిలబడింది. మస్తానయ్య కారెక్కాక మొదటిసారి నా వైపు చూసి, "ఆగతా ఉండాదక్కా," అన్నాడు, ఆశ్చర్యంగా.

కావలి వైపు

దిగబోతుంటే చెంగమ్మ తలుపు అడ్డం నిలబడింది. "దిగబాక. మొదటి వేట ముగిసేదాకా చేసినోడు పడవలోనే ఉంటాడు."

అలా పిలుపు లేని పెళ్ళికి పెళ్ళికూతురి కారులో వెళ్ళాను. వెనక రాజేశ్వరి, చెంగమ్మ, ఒళ్ళో పసుపు బట్టల మూటలు. గుణశేఖర్ వ్యానులో వెనకే వస్తున్నాడు. మా వైపు పెళ్ళికూతుళ్ళు ఇల్లు వదిలేటప్పుడు ఏడుస్తారు. రాజేశ్వరి ఏడవలేదు. నాలాగే ఆమె కూడా మస్తానయ్య కాలి వైపే చూస్తోంది. హైవే ఎక్కాక ఒక గేదెల మందకు ఆగాం. చెయ్యెత్తిన ఒక పోలీసుకు ఆగాం. ఆగిన ప్రతిసారీ వెనక నుంచి ఇద్దరూ ఊపిరి వదలడం వినపడేది.

ఫోను మోగింది. మేనేజరు గారు. రోడ్డు చప్పుడుకు స్పీకరు పెట్టక తప్పలేదు.

"మీ మెసేజి ఇప్పుడే చూశాను. ఎవరినడిగి వేశారు? ఎవరినడిగి చెప్పారు? ఆ నూనె కారిన బండిలో, దారిలో వేసిన రిపేరుతో రేపు ఎవరికైనా ఏమైనా అయితే జవాబు ఎవరు చెప్తారు?"

"సార్, నేను ఆ కారులోనే ఉన్నాను."

 తర్వాత వచ్చిన గొంతు నేను ఎప్పుడూ విననిది. మీటింగుల్లో వినపడే గొంతు కాదు. ఇంట్లో మనిషికి చెప్పే గొంతు.

"దిగండమ్మా. ముందు మీరు దిగిపోండి. వెంటనే దిగండి."

చెంగమ్మ వెనక నుంచి ముందుకు వంగింది. ఆమె మొహం నా భుజం పక్కకు వచ్చింది. ఫోను వైపు చూసి, నా వైపు చూసి, నెమ్మదిగా అంది.

"నీకైతే చెప్పినాడే."

ముందు లారీ ఎర్ర దీపాలు వెలిగాయి. మస్తానయ్య బ్రేకు మీద కాలు పెట్టాడు.